తుప్పు పట్టని తుపాకీ

చోడవరం
9 ఆగస్టు 2023, బుధవారం

ఈరోజు పనులు: నీళ్ళు పట్టడం, అయింది. ఇడ్లీ పిండి రుబ్బడం, అయింది. మీ బావ యూనిఫారం ఉతకడం, అయింది. ఇస్త్రీ, తడి ఆరక రేపటికి. బియ్యం ఎండబెట్టడం, వాన వల్ల కాలేదు. తుపాకీ తుడవడం, అయింది. సాయంత్రం మళ్ళీ చెయ్యాలి.

ప్రియమైన తమ్ముడు ఏసురత్నానికి, మీ అక్క మణి ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాసేది.

ఫోను చేస్తే నీకు వినబడదు. ఆ షెడ్డులో మిషన్ల చప్పుడు నీ చెవులు తినేసింది. వాట్సాప్ పెడితే బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటావు. ఈ విషయం బొటనవేలితో తేలేది కాదు. అందుకే కాగితం.

మీ బావ పటాలం నుంచి వచ్చాక కొనుక్కున్న సింగిల్ బ్యారెల్ తుపాకీ నీకు తెలుసు కదా. అది తుప్పు పడుతోంది. పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి ఎర్రటి పొడి వేలికి అంటుకుంటోంది. ఇక్కడి తేమ కొంత, మీ బావ అరచేతి చెమట మిగతాది. ఆ చెమట ఎలాంటిదో నీకు తెలుసు, చేతి గడియారం వెనక రేకుని కూడా తినేసింది. గొట్టం మొదట్లో, నంబరు కొట్టి ఉన్నచోట ఆయన చెయ్యి ఆనుతుంది. అక్కడ గరుగ్గా గుంటలు పడ్డాయి. నంబరు 47163. గ్యాసు సిలిండరు దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా అన్నిటి నంబర్లూ రాసిపెట్టుకుంటానని నువ్వు వెక్కిరిస్తావు. వెక్కిరించు, కానీ ఇదీ రాసి ఉంచుకో.

మొన్న మీ బావ కాపలా కాసే బ్యాంకుకి సెక్యూరిటీ ఆఫీసరు తనిఖీకి వచ్చాడట. తుపాకీ చేతిలోకి తీసుకుని, తన రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడట. "ఫెలిక్స్ గారూ, జనవరిలో మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఇంకో గన్‌మ్యాన్‌ని చూసుకుంటాం" అన్నాడట. మీ బావ ఇంటికి వచ్చి ఆ మాట చెప్పలేదు. ఆ రుమాలు సంగతి మాత్రం చెప్పారు. మిగతాది బ్యాంకు స్వీపరు అచ్చియ్యమ్మ చెప్పింది.

బ్యాంకు వాళ్ళకి కావలసింది మీ బావ కాదు, లైసెన్సు తుపాకీ ఉన్న మనిషి. తుపాకీ పోతే ఆయన యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళ నొప్పుల మనిషి, అంతే. ఆయనకి ఆ గుమ్మం దగ్గర నిలబడటం తప్ప వేరే సంతోషం నేను చూడలేదు.

పాత ఊళ్ళో తుపాకులు బాగుచేసే లైసెన్సు ఉన్న గౌరీశంకర్ గారి దగ్గరికి వెళ్ళి వచ్చారు. ఆయన, "ఇనుముకి నీలం పూత వేసి ఇస్తాను. ఏడాదికోసారి తీసుకురండి. తుపాకీకి అంతకన్నా ఆర్భాటం వద్దు" అన్నారట. ఏడాదికోసారి అంటే అది పూత కాదు, వాయిదా. నువ్వు ఇరవై ఏళ్ళుగా ఇనుముకి పూతలు వేస్తున్నావు. ఒకసారి వేస్తే మళ్ళీ చూడక్కర్లేని పూత ఏదో చెప్పు.

నీ దగ్గర నాది: ఆవకాయ జాడీ ఒకటి. నా దగ్గర నీది: గొడుగు ఒకటి.

మీ అక్క
మణి


గాజువాక
20 ఆగస్టు

అక్కా, వందనాలు.

నీ ఉత్తరం అందింది. పనుల లిస్టు సూసి మా ఆవిడ గ్లోరియా నవ్వింది. "మీ అక్క ఊపిరి తీసుకోడం కూడా రాసుకుంటాదేటి" అంటంది. రాసుకోదులే అన్నాను గానీ నాకూ అనుమానమే.

మా షెడ్డులో ఓడ సామాన్లకీ లారీల రాడ్లకీ పూతలేస్తాం. తుపాకీ నేనెప్పుడూ ముట్టుకోలేదు. కానీ ఇనుము ఇనుమే కదా. నేను సెప్పడం కన్నా నువ్వే సూసుకో. నువ్వెలాగూ సూడకుండా నమ్మవు. చిన్నప్పుడు నేను పళ్ళు తోముకున్నానంటే నోరు తెరవమనేదానివి.

ఒకే రేకులోంచి నాలుగు ముక్కలు కోసి, గుర్తుకి కన్నాలెట్టి పంపుతన్నాను. ఒక కన్నం ఉన్నది నీలం. ఆ పూతలో ముంచే తొట్టి మాకు లేదు, తెలిసినోడి దగ్గర వేయించేను. సూడ్డానికి నెమలి మెడలా ఉంటాది గానీ పల్చన, నూనె రాస్తానే ఉండాల. రెండు కన్నాలది ఫాస్ఫేటు. నల్లగా గరుగ్గా ఉంటాది, నూనెని స్పాంజిలా పట్టుకుంటాది. బావకి తెలుస్తాది, పటాలం తుపాకులకి అదే. మూడు కన్నాలది నికెలు. నాలుగు కన్నాలది హార్డు క్రోము, అది మా షెడ్డు పేరు నిలబెట్టేది. ఇంకోటుంది, రంగు పూసి పొయ్యిలో కాల్చేది. అది మా దగ్గర లేదు.

జాడీ గ్లోరియా ఇవ్వనంటంది. దాన్లో చింతకాయ పచ్చడి పెట్టేసింది. గొడుగు ఉంచుకో.

నీ తమ్ముడు
ఏసురత్నం


చోడవరం
28 సెప్టెంబరు

ప్రియమైన తమ్ముడికి వందనాలు.

ముక్కలు అందాయి. అందిన రోజు నుంచే పని మొదలుపెట్టాను. మొదటి వారం నాలుగింటినీ ఉప్పు జాడీ మూత మీద పెట్టాను. తర్వాతి వారం చింతపండు పులుసు చుక్కలు వేసి గూట్లో పెట్టాను. ఆ తర్వాత స్నానాలగది కిటికీలో. ఆఖరి వారం మీ బావ చొక్కా జేబులో వేసి, చెమట పట్టినప్పుడల్లా చేత్తో పట్టుకోమన్నాను.

"తుపాకీ సంగతి తేలేసరికి నేను తుప్పు పడతాను" అన్నారాయన. ఆదివారం ఆరాధనలో మోకరించినప్పుడు జేబులోంచి రేకులు గలగలమన్నాయి. కానుకల పళ్ళెం వచ్చిందనుకుని పక్కాయన కళ్ళు తెరిచాడు.

నీలం ఉప్పు దగ్గరే ఓడిపోయింది. రెండో రోజుకే కన్నం చుట్టూ ఎరుపు. నూనె రాసినన్నాళ్ళు బాగానే ఉంది, కానీ నూనె మర్చిపోయిన రోజు ఎవరిది తప్పు? ఫాస్ఫేటు నేను అనుకున్నదానికన్నా గట్టిది. ఉప్పునీ చింతపండునీ తట్టుకుంది. సబ్బుతో కడిగి నూనె పోగొడితే మాత్రం రంగు మారింది. పైగా ఆ నూనె మీ బావ చొక్కాకి అంటుకుంది, మరక ఇంకా పోలేదు. నికెలు అంచు దగ్గర పొక్కింది. నాలుగు కన్నాలది మాత్రం నువ్వు పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. దాంట్లో నా మొహం కనిపిస్తోంది. మొహం పాతబడింది గానీ ముక్క పాతబడలేదు.

మీ బావకి ఫాస్ఫేటు మీద మనసుంది. రెండు కన్నాలది చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. "మణీ, ఇది ముట్టుకుంటే నా రైఫిలు గుర్తొస్తంది" అన్నారు. గుర్తొస్తే మంచిదే, కానీ తుప్పు పట్టకూడదు కదా అన్నాను.

గొడుగు నేను ఉంచుకోను. నీ దగ్గర నాది జాడీ. నా దగ్గర నీది గొడుగు, రేకుముక్కలు నాలుగు.

మణి


గాజువాక
11 అక్టోబరు

అక్కా, వందనాలు.

నీ పరీక్షలు మా ఓనరుకి సెప్పేను. "మీ అక్కని మనకాడ పన్లో పెట్టుకుందాం, ఆ ఇంజినీరు కుర్రోడ్ని పంపించీదాం" అన్నాడు.

క్రోము అనుకుంటే ఒక సంగతి నీకు సెప్పాల. క్రోము అద్దంలాంటిది. కింద ఏది ఉంటే అదే పైకి కనబడతాది. తుప్పు తిన్న గుంటల మీద పూతేస్తే గుంటలే మెరుస్తాయి. అందుకని ముందు ఇనుముని చక్రం మీద పెట్టి అరగదియ్యాల. కొంచెం అరగదీస్తే పెద్ద గుంటలు మిగుల్తాయి, పనికొస్తాది గానీ అందం ఉండదు. బాగా అరగదీస్తే నున్నగా వస్తాది. ఎంతవరకూ తియ్యాలో నువ్వు సెప్పు. ఈ గుంటల గురించి రాస్తంటే గ్లోరియా "ఏ గుంటల గురించి రాస్తన్నావు మీ అక్కకి" అని కాగితం లాక్కుంది. మన దగ్గర గుంటంటే ఆడపిల్ల కదా, దానికి అనుమానం వొచ్చీసింది.

ఇంకోటి. తుపాకీ పని మాకు లైసెన్సు లేదు. ఓనరుకి తెలిస్తే ఒప్పుకోడు. ఆదివారం షెడ్డు కాళీగా ఉంటాది, నేనొక్కడినే సేస్తాను. బావని కూడా అడుగు. గౌరీశంకర్ గారు నీలం అన్నారంటే దానికేదో ఉండుంటాది.

ఏసురత్నం


చోడవరం
24 అక్టోబరు

ప్రియమైన తమ్ముడికి.

మీ బావని అడిగాను. "గౌరీశంకర్ గారు నీలమే అన్నారు, ఆయన ముప్పై ఏళ్ళుగా తుపాకులే చూస్తన్నారు" అన్నారు. నేను నాలుగు ముక్కలూ బల్ల మీద వరసగా పెట్టి చూపించాను. ఆయన చూసి, "నీ ఇష్టం" అన్నారు. అది ఒప్పుకోవడమే. ఆయన వేరేగా ఒప్పుకోరు.

కాబట్టి క్రోము. అరగదీసే సంగతి అడిగావు. ఒక్క గుంట కూడా మిగలకూడదు. ఆ ఆఫీసరు వేలు పెట్టి రాసి చూస్తాడు. అతని వేలికి ఏమీ తగలకూడదు. ఎక్కడా గీత, గుంట, గరుకు ఉండకూడదు. ముఖ్యంగా మీ బావ చెయ్యి ఆనేచోట, అక్కడే ఎక్కువ తిన్నది.

శుక్రవారం మీ బావ లైసెన్సు పుస్తకం పట్టుకుని తుపాకీతో వస్తారు. కర్ర భాగం విప్పి తెచ్చుకుంటారు, ఇనుము నీ దగ్గర ఉంచుతారు. బ్యాంకులో సెలవు పెట్టారు. ఆయన తుపాకీ లేకుండా తిరిగొచ్చి బస్సు దిగడం ఇదే మొదటిసారి అవుతుంది. ఒక రొట్టె ముక్క ఎక్కువ పెట్టి పంపించు.

మణి


గాజువాక
20 నవంబరు

అక్కా.

పని ఇంకా అవలేదు. ఆదివారాలు ఖాళీ దొరకడం లేదు, ఓనరు పెద్ద ఆర్డరు ఒకటి ఒప్పుకున్నాడు. బావకి సెప్పు, కంగారు వద్దని.

ఏసురత్నం


గాజువాక
12 డిసెంబరు

అక్కకి వందనాలు.

పని పూర్తయింది. తుపాకీ తీసుకెళ్ళవచ్చు. పూత దళసరిగా పడింది. నీళ్ళు, ఉప్పు ఏమీ చెయ్యవు. గట్టి బట్టతో రుద్దవద్దు. నంబరు దగ్గర అసలు రుద్దవద్దు.

గ్లోరియా వందనాలు చెప్పమంది.

ఏసురత్నం


చోడవరం
14 జనవరి 2024

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు నామంలో వందనాలు.

తుపాకీ ఇంటికి వచ్చి నెలైంది. మీ బావ తెచ్చిన రోజు మంచం మీద దుప్పటి పరిచి దాని మీద పెట్టారు. మా అమ్మాయి జెస్సికా పుట్టినప్పుడు నేను దాన్ని అలా పెట్టాను. ఇద్దరం నిలబడి చూశాం. ఆయన చెమట చేత్తో గట్టిగా పట్టుకుని, పక్కన పెట్టి, తెల్లవారి లేచి చూశారు. ఏమీ లేదు. నా వైపు చూసి నవ్వారు. పొద్దున్నే లేచి తుడిచే పని నా లిస్టులోంచి తీసేశాను.

మొన్న ఆఫీసరు వచ్చాడు. వేలు పెట్టి రాశాడు. రుమాలు తియ్యలేదు. "ఏం చేశారండీ, కొత్తది కొన్నారా" అని అడిగాడట. మీ బావ "మా బావమరిది చేతి పని" అందామనుకుని, నువ్వు చెప్పొద్దన్నావని ఊరుకున్నారట. మేనేజరు మేడమ్ ఇందు గారు ఫోనుతో ఫోటో తీశారు. ఇంకో ఏడాదికి ఆయన్నే ఉంచమని రాశారట.

ఒక్కటి అడగాలి. నంబరు అంకెల చుట్టూ సన్నని చీలికలు కనిపిస్తున్నాయి, వెంట్రుకలంత. నువ్వు రుద్దవద్దన్నావు కాబట్టి రుద్దలేదు. కొత్త పూత అలాగే ఉంటుందా?

ఇంకొకటి. నీ ఆఖరి రెండు ఉత్తరాల్లో ఒక్క వెక్కిరింత కూడా లేదు. "వద్దు" అని రాశావు, "వొద్దు" అని కూడా కాదు. ఒంట్లో బాగుందా? మీ బావ భోజనానికి ఉండమన్నా నువ్వు ఉండలేదట, తుపాకీ చేతిలో పెట్టి షెడ్డులోకి వెళ్ళిపోయావట.

నీ దగ్గర నాది జాడీ. నా దగ్గర నీది గొడుగు, రేకుముక్కలు నాలుగు. నేను నీకు బాకీ ఉన్న విందు ఒకటి. ఎప్పుడు వస్తావో రాయి, కోడి కోస్తాను.

మణి


చోడవరం
27 మార్చి

తమ్ముడికి.

జనవరిలో రాసిన ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. ఇప్పుడు రాయాలి.

ఎన్నికలు వచ్చాయి కదా. లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పగించమన్నారు. బ్యాంకు గన్‌మ్యాన్లకి మినహాయింపు ఉందిగానీ, ముందు తుపాకీ చూపించి కాగితం రాయించుకోవాలి. మీ బావ ఇస్త్రీ యూనిఫారం వేసుకుని వెళ్ళారు. నేను చర్చికి పువ్వులు ఇచ్చి వస్తూ దారిలో కలిసి, స్టేషను బయట బెంచీ మీద కూర్చున్నాను.

ఇది తర్వాత మీ బావ చెప్పగా విన్నది: లోపల ఒక పెద్దాయన తుపాకులు పరీక్షిస్తున్నాడట. పుస్తకంలో నంబరు చదివాడు, తుపాకీ మీద చూశాడు. వెలుతురులో తిప్పాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఫెలిక్స్ గారూ, నంబరు సరైనదే. కానీ ఇది కంపెనీలో కొట్టిన నంబరు కాదు" అన్నాడు.

మీ బావకి అర్థం కాలేదు. ఆ పెద్దాయన చాలా నెమ్మదిగా చెప్పాడట. నంబరు పక్కన తయారైనప్పుడు కొట్టే పరీక్ష ముద్రలుండాలి. అవి లేవు. అంకెలు పూత కింద లేవు, పూత మీద ఉన్నాయి. పూత పగిలి అంచులు లేచాయి. పాత నంబరు అరగదీసి, పైన ఎవరో సుత్తితో కొట్టారు. నంబరు మార్చిన తుపాకీ ఎవరి దగ్గర ఉన్నా నేరమే. మంచి నంబరే కొట్టినా అంతే.

తుపాకీ అక్కడే ఉంచుకున్నారు. మీ బావనీ ఉంచుకున్నారు. నేను బెంచీ మీదే ఉన్నాను. సాయంత్రం ఒక కానిస్టేబుల్ వచ్చి, "అమ్మా, ఆయనకి టిఫిను తెచ్చివ్వండి" అన్నప్పుడు, ఆయన్ని ఇంటికి పంపరని నాకు తెలిసింది.

ఆ నంబరు ఎవరు కొట్టారు?

మణి


చోడవరం
18 ఏప్రిల్

ఏసురత్నానికి.

జవాబు లేదు. నీకు రెండోసారి రాస్తున్నాను.

మీ బావ బెయిలు మీద ఇంటికి వచ్చారు. తుప్పు పట్టిందని తనే ఇంట్లో ఆకురాయితో అరగదీశానని, భయపడి నంబరు తనే కొట్టానని రాసి సంతకం పెట్టారు. పూత ఎక్కడ వేయించావని అడిగితే, దారిన పోయే పూతలవాడి చేత అని చెప్పారు. అంకెల అచ్చులు ఏవని అడిగితే, శారదా నదిలో పారేశానన్నారు. నమ్మినట్టే రాసుకున్నారు.

ఈయన మా గోడకి కేలండరు మేకు కొట్టలేక రెండుసార్లు బొటనవేలు చితక్కొట్టుకున్న మనిషి. ఆ సంగతి స్టేషనులో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, నీకు తెలుసు.

"ఎందుకలా రాశారు" అని అడిగాను. "లైసెన్సు మీద సంతకం నాది. తుపాకీ వదిలి బస్సెక్కినవాణ్ణి నేను" అన్నారు. బ్యాంకు వాళ్ళు కొత్త మనిషిని పెట్టుకున్నారు. మీ బావ పొద్దున్నే లేచి స్నానం చేసి, బూట్లు తుడిచి, వీధి అరుగు మీద కూర్చుంటున్నారు. పది గంటలకి బ్యాంకు తెరిచే వేళకి లేచి నిలబడతారు. కాసేపటికి మళ్ళీ కూర్చుంటారు. నేను చూడనట్టు ఉంటాను.

నువ్వు రాయకపోతే నేనే ఆ షెడ్డుకి వస్తాను. నీకు వినబడదని తెలుసు. అయినా అడుగుతాను.

మణి


గాజువాక
5 మే

అక్కా.

రావొద్దు. రాస్తన్నాను.

నవంబరు మొదటి ఆదివారం సేసేను. ఆరాధన మానీసి ఎల్లేను. నీ ఉత్తరం గోడకి అంటించి పని మొదలెట్టేను. బావ చెయ్యి ఆనేచోట తుప్పు లోతుగా ఉంది. చక్రం మీద పెడితే ఎర్రటి పొడి లేస్తంది. ఒక గుంట పోతే దాని పక్కన ఇంకోటి. నీ మాటే నా బుర్రలో ఉంది, ఒక్కటి కూడా మిగలకూడదని. నేను అంకెలు సూడలేదు అక్కా. తుప్పు నిండిపోయి అవి కూడా గుంటల్లాగే ఉన్నాయి. మా షెడ్డుకొచ్చే సామాన్ల మీద ఏ అంకె ఉన్నా మేం అరగదీసేస్తాం. ఇనుము ఇనుమే అనుకున్నాను.

తొట్టిలోంచి తీసి కడిగేక, అద్దంలా ఉంది. గొట్టం మొదలు నుంచి సివర దాకా నిమిరేను. ఏదీ తగల్లేదు. అప్పుడు తెలిసింది, తగలాల్సింది కూడా తగల్లేదని. గొట్టం కింద ట్రిగ్గరుండే పెట్టె భాగం మీద కూడా నంబరు లేదు.

అక్కడే కూచుండిపోయేను. గౌరీశంకర్ గారి దగ్గరికి ఎల్దామని బస్సెక్కి, సగం దారిలో దిగిపోయేను. ఆయన స్టేషనుకే ఎల్లమంటాడు, తెలుసు కదా. తెలిసున్నది వినడానికి ఎందుకని. నెలంతా ఆ సంగతి మనసులో ఎట్టుకు తిరిగేను. నీకు "పని అవలేదు" అని రాసేను. అది అబద్ధం. ఆఖరికి బజార్లో అంకెల అచ్చులు కొన్నాను. నంబరు నీ మొదటి ఉత్తరంలో ఉంది. సూసి కొట్టేను. క్రోము మీద సుత్తి పడితే పగుల్తాదని నాకు తెలుసు. ఈ పని ఇరవై ఏళ్ళుగా సేస్తన్నాను, తెలీకేటి. చెయ్యి వణికింది. ఐదు అంకెల్లో ఆరు వంకరొచ్చింది.

బావ తుపాకీ అందుకుని నా బుజం తట్టేడు. "ఎంత బాగా సేసేవురా" అన్నాడు. అది మాత్రం పెదాలు సూసి అర్థమైంది. అందుకే భోజనానికి ఉండలేదు.

ఇప్పుడు స్టేషనుకొచ్చి నేనే సేసేనని సెప్పేస్తాను. గ్లోరియాకి సెప్పేను. ఏడిచింది, ఆ తర్వాత ఎల్లమంది. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడు.

ఏసురత్నం


చోడవరం
9 ఆగస్టు 2024, శుక్రవారం

ఈరోజు పనులు: నీళ్ళు పట్టడం, అయింది. పిండి రుబ్బడం, బ్యాంకుకి క్యారేజీ లేదు కాబట్టి తక్కువ. యూనిఫారం, లేదు. ఇస్త్రీ, లేదు. బియ్యం ఎండబెట్టడం, అయింది. తుపాకీ, లేదు. తమ్ముడికి ఉత్తరం, మూడు నెలలుగా వాయిదా పడుతోంది, ఈరోజు.

ఏసురత్నానికి.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. పూర్తయ్యాక, "వాడి చెయ్యి వణికిందా" అని అడిగారు. అవునన్నాను. "పాపం" అన్నారు. లేచి వెళ్ళి బూట్లు తుడుచుకున్నారు.

లాయరు రమణమూర్తి గారి దగ్గరికి నేనే వెళ్ళాను. నువ్వు వచ్చి చెబితే ఏమవుతుందని అడిగాను. ఆయన దాచకుండా చెప్పారు. నువ్వు చెబితే మీ బావ మీద కేసు పోదట. లైసెన్సు లేని చోట తుపాకీ వదిలినందుకు ఇంకొకటి కలుస్తుందట, అబద్ధం రాసినందుకు మరొకటి. నీ మీద కొత్తది మొదలవుతుందట. "ఇప్పుడు ఒక ముద్దాయి ఉన్నాడమ్మా, అప్పుడు ఇద్దరుంటారు" అన్నారు. తుపాకీ రాదా అని అడిగాను. ఏది ఎలా తేలినా అది రాదన్నారు. లైసెన్సు రద్దయింది. ఆ కాగితం మొన్న వచ్చింది. మీ బావ దాన్ని మడత పెట్టి పాత లైసెన్సు పుస్తకంలో పెట్టారు.

అందుకని నువ్వు రావొద్దు. మీ బావ కూడా అదే అన్నారు. "ఒక పేరు పోయింది, చాలు" అన్నారు.

స్టేషనులో కాగితం మీద సంతకానికి వెళ్ళినప్పుడు ఒకసారి స్టోరు గది తలుపు తీసి ఉంది. మూల గోడకి పాత తుపాకులు ఆనించి ఉన్నాయి, ఎక్కడెక్కడో పట్టుకున్నవి, ఎర్రగా తుప్పు పట్టి. వాటి మధ్య మనది ఒక్కటే తెల్లగా మెరుస్తోంది. వాన నీరు కారి గోడంతా చెమ్మగా ఉంది. దానికేం కాలేదు. ఆ గదిలో అన్నీ పోయాక కూడా అది అలాగే ఉంటుంది. మనం ఎంచిన పూత నిజంగానే మంచిది. నా పరీక్షల్లో తప్పు లేదు.

నీ దగ్గరికి పంపిన ఉత్తరాల్లో నేనేం రాశానో నాకు గుర్తుంది. ఎక్కడా గీత, గుంట, గరుకు ఉండకూడదని రాశాను. ఉప్పుతో, చింతపండుతో, చెమటతో అన్నిటితో పరీక్షించాను. గొట్టం మీద కొట్టిన నంబరు కూడా ఒక గుంటేనని నాకు తోచలేదు. అన్నిటి నంబర్లూ రాసుకునేదాన్ని నేను. నా మొదటి ఉత్తరంలో నేనే రాసిచ్చాను. ఆ చెయ్యి ఆనేచోట బాగా తియ్యమని మళ్ళీ నేనే రాశాను. మీ బావకి నచ్చిన రెండు కన్నాల ముక్క ఆరోజు బల్ల మీదే ఉంది. అది ఎలాగూ గరుకు పూత, అది ఎంచి ఉంటే అంత నున్నగా అరగదియ్యాల్సిన పనే ఉండేది కాదు.

నువ్వు నెల రోజులు దాచకుండా నవంబరులోనే చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలియదు. అది నేను మర్చిపోను. కోపం పోయిందని రాస్తే అది అబద్ధం, ఈ ఉత్తరాల్లో అబద్ధాలు చాలా అయ్యాయి. కానీ ఈ కోపం ఎవరి మీద ఎంత అని పంచబోతే, ప్రతిసారీ కొంత నా వైపే మిగిలిపోతోంది. పంచడం మానేశాను.

మీ బావ ఈరోజు పది గంటలకి నిలబడలేదు. అరుగు మీద కూర్చునే ఉన్నారు. బూట్లు మంచం కిందకి తోసేశారు. నేను తీసి నూనె రాసి సంచిలో కట్టాను, ఎవరికైనా సరిపోతే ఇవ్వమని.

గొడుగు అచ్చియ్యమ్మ కూతురు గాజువాక వస్తుంటే ఇచ్చి పంపుతున్నాను. రేకుముక్కల్లో మూడు పారేశాను. మిగిలిన ఒకటి మీ బావ దిండు కింద ఉంది, రెండు కన్నాలది. అది అడగొద్దు. జాడీ గ్లోరియాని ఉంచుకోమను. విందు ఇంక లేదు.

నీ దగ్గర నాది: తుపాకీ ఒకటి.
నా దగ్గర నీది: ఒక్క గుంట కూడా మిగలకూడదన్న మాట ఒకటి.
చెల్లు.

మణి